మాటయు నిబంధనయు: ఉత్తర తెలంగాణ క్రైస్తవ సమాజమున సత్యనిష్ఠ – ఒక చారిత్రక పరిశీలనము

తెలుగున 'బాస' యను మాటకు రెండర్థములు గలవు. ఒకటి భాష, రెండవది ప్రతిజ్ఞ. సంస్కృతములోని 'భాషా' శబ్దమునకు ఇది తద్భవము. పలుకుట వేరు, పలికినదానికి కట్టువడుట వేరు కాదని మన పూర్వులు భావించిరనుటకు ఈ యొక్క పదమే చాలును. 'మాట' యను పదమునకును ఇట్టి వ్యాప్తియే కలదు. మాట ఇచ్చుట, మాట తప్పుట, మాట నిలుపుకొనుట, మాట పోవుట – ఈ పలుకుబడులన్నిటను మాట యనగా మనిషి పరువే. అయితే ఎవరి మాట? ఊరిలో ఎవరు పలికినచో అది మాటగా చెల్లెను? ఎవరి పలుకునకు విలువ లేకుండెను? ఈ ప్రశ్నలకు సమాధానము నిఘంటువులలో దొరకదు; సాంఘిక చరిత్రలో వెదకవలసి యున్నది.

ఈ వ్యాసమున మేము కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాల క్రైస్తవ సమాజమును ప్రధానముగా దృష్టియందుంచుకొని ఈ విషయమును పరిశీలింప దలచితిమి. 2016 అక్టోబరులో జరిగిన పునర్విభజనమునకు పూర్వము గోదావరికి దక్షిణమున కరీంనగరము, ఉత్తరమున ఆదిలాబాదు ఉండెను. నేడు ఆ నేల పెక్కు జిల్లాలుగా విభక్తమైనది. సౌలభ్యమునకై పాత పేర్లనే వాడుచున్నాము. క్రైస్తవ ధర్మమున మాట నిలుపుకొనుటను గూర్చిన మూలోపదేశము మత్తయి సువార్త అయిదవ అధ్యాయమున ఉన్నది. దేనిమీదను ఒట్టు పెట్టుకొనవలదనియు, మనిషి పలుకు ఒట్టు తోడు లేకయే నిలువవలెననియు దాని సారము. చూచుటకు ఇది సులభమైన ఉపదేశమే. కాని ఒట్టే న్యాయమునకు ఆధారమైన సీమలో, తన పలుకునకు విలువలేని వర్గము నడుమ అది అడుగిడినప్పుడు ఏమి జరిగెను? ఇదియే ఇచట విచార్యము.

మాటకు కాపు పెట్టుట ఈ నేలకు క్రొత్త కాదు. కరీంనగరమునకు చేరువనున్న కురిక్యాల బొమ్మలగుట్టమీద పదవ శతాబ్దిలో జినవల్లభుడు వేయించిన శాసనము తెలుగు కందపద్యములకు ప్రాచీన నిదర్శనముగా సాహిత్య చరిత్రకారులకు సుపరిచితము. రాతిమీద చెక్కిన మాట కర్తకంటె ఎక్కువకాలము బ్రతుకును. మన దానశాసనములలో పెక్కింటి చివర శాపవాక్యములు కానవచ్చును. ధర్మమును తప్పినవానికి నరకము, వంశనాశనము కలుగునని అవి హెచ్చరించును. ఊరి పంచాయితీలలోని ఒట్టులకును స్వభావము ఇదియే. బిడ్డ తలమీద చేయి పెట్టుట, గ్రామదేవత గుడిలో దీపమార్పుట – ఇవి యన్నియు భయమును మాటకు కావలి పెట్టుటయే. మాట తప్పినచో దేవత చూచుకొనును. కావున మాట నమ్మవచ్చును. ఈ పద్ధతిని మేము తక్కువ చేయుట లేదు. వ్రాత లేని సమాజమున వ్యవహారము సాగుటకు అది తోడ్పడెను. కాని దానియందు నమ్మకము మనిషిమీద కాదు, శాపముమీద అనునది గమనింపదగినది.

సత్యవాక్పాలనకు మన సాహిత్యము చూపు ఆదర్శము హరిశ్చంద్రుడు. గౌరన 15వ శతాబ్దిలో ఆ కథను ద్విపదగా రచించెను. రాజ్యమును, ఆలిని, కొడుకును, తుదకు తన్ను తానే అమ్ముకొని రాజు మాట నిలుపుకొనెను. ఆతనిని కొన్నవాడు కాటికి అధిపతియైన చండాలుడు. కథాకథనమున ఇది రాజు పడిన పతనమునకు హద్దు. అమ్ముకొనుటకు రాజ్యము గలవాని సత్యమును మనము ఆరువందల యేండ్లుగా కీర్తించుచున్నాము. పుట్టుకతోనే అమ్ముడుపోయినవాడు మాట ఇచ్చుట యెట్లు? నిలుపుకొనుట యెట్లు? ఈ ప్రశ్నను ఆ కథ వేయలేదు. వేయవలసిన పనియు దానికి లేదు. చరిత్ర మాత్రము వేసినది.

నిజాము రాజ్యమున కచ్చేరి భాష మొదట పారసీకము, తరువాత ఉర్దూ. ఆ కాలమున తెలుగులో స్థిరపడిన వ్యవహార పదములను కొన్నింటిని చూతము. 'కౌలు' అనగా అరబ్బీలో పలుకు, మాట అని అర్థము. తెలుగు రైతు నోట అది భూమిని అనుభవించుటకు చేసికొన్న ఒడంబడిక అయ్యెను. 'ఇకరారు' అనగా ఒప్పుకోలు. 'వాయిదా' అనగా మూలమున వాగ్దానము. తెలుగున అది చెల్లింపు గడువునకు పేరై, పిదప పనిని వెనుకకు నెట్టుటకు పేరైనది. వాగ్దానమును తెలుపు పదమే జాప్యమును తెలుపు పదముగా మారిన ఈ చరిత్ర ప్రజల అనుభవమును కొంతవరకైనను సూచించుననుట అతిశయోక్తి కాదు. పలుకును సూచించు పదములన్నియు కాగితముల పేర్లయినవి. ఆ కాగితము చదువగలవాడు పట్వారీ. నిశాని వేయువాడు దాని నెరుగడు.

ఆదిలాబాదు అడవులలో ఈ కాగితపు మాట ఎంత పని చేసెనో గోండుల చరిత్ర చెప్పుచున్నది. తాతల నాటినుండి సాగుచేసిన పోడు నేలలు పట్టా లేనందున వారివి కాకపోయెను. 1940లో జోడేఘాట్ వద్ద కుమ్రం భీము పోరాడి నేలకొరిగెను. ఆ పిదప నిజాము ప్రభుత్వము కోరగా హైమెన్‌డార్ఫ్ పండితుడు ఆ ప్రాంతమును పరిశీలించి, గోండులకు పట్టాలు ఇప్పించుటకు తోడ్పడెను. గోండుల యీ కథ క్రైస్తవ చరిత్రలోనిది కాదు. అయినను ఈ సీమలో నోటిమాటపై బ్రతికినవాడు కాగితపు మాటకు ఎట్లు లొంగెనో తెలిపి, మన విషయమునకు భూమిక కల్పించుచున్నది.

మైదాన గ్రామములలో పరిస్థితి వేరుగా లేదు. మాల మాదిగల వెట్టి, గడిలో దొర చేయించుకొను చాకిరి, ధాన్యము అప్పు తెచ్చి పంటనాటికి హెచ్చుగా కొలుచు 'నాగు', అప్పు తీరువరకు జీతముండు 'భగేలా' – ఇవి తెలంగాణ గ్రామ చరిత్రలో ప్రసిద్ధములు. భగేలా కుదిరినవాడు ఒక మాట ఇచ్చినట్లే లెక్క. అప్పు తీరువరకు కదలనని అతడు ఒప్పుకొనెను. తండ్రి ఇచ్చిన ఆ మాట కొడుకునకును సంక్రమించెను. నిజాము ప్రభుత్వము తన చివరి దశాబ్దములలో ఈ ఒప్పందములను నియంత్రించుటకు చట్టము చేసినను ఆచారము తొలగలేదు. దేశమంతటికిని వర్తించునట్లు వెట్టిచాకిరిని రద్దుచేసిన శాసనము 1976 నాటిది. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీలు వేలాదిగా నడచిన ఊరేగింపునకు వెట్టి వ్యతిరేకతయే ఒక ముఖ్య కారణమని తలచినచో ఆచారపు బలము తెలియును. అడిగి పుచ్చుకొనని మాట, ఒప్పుకొనక తప్పని ఒప్పందము – దీనిని నిలుపుకొనుట సత్యనిష్ఠ యగునా?

ఇట్టి సమాజమునకు క్రైస్తవ ప్రబోధము వచ్చెను. వెస్లియను మెథడిస్టు మిషనరీ విలియం బర్జెస్ 1879 ప్రాంతమున సికింద్రాబాదులో పని ప్రారంభించెను. 1880వ దశకములోనే ఆ సేవ కరీంనగరమునకు వ్యాపించెను. నాటికి జిల్లాకు ఎలగందుల పేరే ఉండెను. అచటి తొలి మిషనరీలలో బెంజమిన్ ప్రాట్ ఒకరు. పిదప గోదావరి దాటి లక్షెట్టిపేట ప్రాంతమునకును అది చేరెను. ఈ సంఘమువారు తమతో తెచ్చినవానిలో రెండు మన విషయమునకు ముఖ్యములు. ఒకటి జాన్ వెస్లీ 1743లో ఇంగ్లండున ప్రకటించిన సామాన్య నియమములు. మద్యపానము, అన్యాయపు వడ్డీ, సుంకము ఎగవేసిన సరకు అమ్ముట కొనుట మున్నగువాటితోపాటు బేరములో మాటలు పెంచుటను గూడ అవి నిషేధించినవి. అంగడిలో ఒక వెల చెప్పి మరియొక వెలకు దిగుటను గూడ ధర్మవిచారమునకు తెచ్చిన నియమమిది. రెండవది 1755 నుండి వెస్లీ నడపిన నిబంధనారాధన. సంఘమంతయు ఒకటిగా నిలిచి దేవునితోడి తమ నిబంధనను క్రొత్తచేసికొనుట దాని లక్షణము. క్రమముగా అది నూతన సంవత్సరారంభపు ఆచారముగా స్థిరపడెను.

'నిబంధన' యను పదము ఇచట పరిశీలింపదగినది. కట్టు అని దాని ధాత్వర్థము. తెలుగు బైబిలు రెండు భాగములకును పాత నిబంధన, క్రొత్త నిబంధన యనునవియే పేర్లు. భగేలా కాగితమును కట్టే, నిబంధనయు కట్టే. అయితే మొదటిదానియందు ఒక్కడే కట్టువడును. రెండవదానియందు ఇరుపక్షములును కట్టువడును. దేవుడు సైతము తన మాటకు కట్టువడినవాడుగా బైబిలు చెప్పుచున్నది. దొర తన మాటకు కట్టువడుట యెరుగని మాలపల్లె శ్రోతకు ఈ భావము ఎంత వింతగా, ఎంత ఊరటగా తోచి యుండునో ఊహింపవచ్చును.

అయితే ఆ శ్రోత ఇచ్చిన మాట స్వేచ్ఛగా ఇచ్చినదేనా యను శంక ఆనాడే పుట్టినది. గింజలకై మతము మారిరను ఆక్షేపణ నేటికిని వినవచ్చుచున్నది. దీనికి సమాధానముగా కోస్తా జిల్లాలలోని యొక దృష్టాంతమును చూపవలసి యున్నది. ఒంగోలులో అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1876–78 కరవులో బకింగ్‌హాము కాలువలో కొంత భాగపు త్రవ్వకమును గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించెను. బాప్తిస్మము కోరివచ్చినవారు అనేకులున్నను కరవుసాయము సాగినంతకాలము ఆతడు ఎవ్వరికిని బాప్తిస్మమీయలేదు. ఆకలిగొన్నవాని మాటను పుచ్చుకొనుట తగదని ఆతని తలంపు. సాయము ముగిసిన పిదపనే, 1878 జూలై 3వ తేదీన, 2,222 మంది ఒకే దినమున బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను అందరును చెప్పుదురు. మా దృష్టిలో దానికి ముందు గడచిన నిరీక్షణయే ఎక్కువ విలువగలది. మాట ఇచ్చువాని నిజాయితీకి ముందు మాట పుచ్చుకొనువాని నిజాయితీ ఒకటి కలదని అది నిరూపించినది.

తెలంగాణమున ఈ ప్రశ్నను లోతుగా ఎదుర్కొన్నవారు బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1912 డిసెంబరు 29న అభిషిక్తులై, ఆంగ్లికను సంఘమున తొలి భారతీయ బిషప్పుగా నాటి వరంగల్లు జిల్లాలోని దోర్నకల్లు కేంద్రముగా 1945లో మరణించువరకు పనిచేసిరి. క్రొత్తగా బాప్తిస్మము పొందినవారు తమ చేతిని తమ తలమీద పెట్టుకొని, సువార్తను ప్రకటింపనిచో తమకు శ్రమ యని పలుకునట్లు ఆయన చేయించెడివారు. పౌలు మాటకు అది అనుసరణము. కాని తలమీద చేయి పెట్టుట తెలుగునాట ఒట్టు పెట్టు భంగిమ యని వేరుగ చెప్పనక్కరలేదు. మరియొకరి తలమీద గాక తన తలమీదనే చేయి పెట్టుకొనుటలో బిడ్డను పణముగా ఒడ్డుట లేదు. తన మాటకు తానే పూచీపడుట యున్నది. ఒట్టు వలదన్న మతము ఒట్టు రూపమును గైకొని దాని లోపలి భయమును ఇట్లు మార్చెనని మాకు తోచుచున్నది.

1936–37 సంవత్సరములలో ఈ సామూహిక మతాంతరములను గూర్చి గాంధీజీకిని అజరయ్యకును మధ్య భేదము బహిరంగమయ్యెను. హరిజనుల మతాంతరమున వారి స్వంత అంతఃకరణ నిర్ణయమునకు చోటున్నదా యని గాంధీజీ శంక. మాల మాదిగల జీవితమున వచ్చిన మార్పును కన్నులార చూచియే పొరుగు కులములవారు సంఘమున చేరుచున్నారని అజరయ్య వాదము. వాదము మతాంతరమును గూర్చినదిగా కనబడినను దాని లోపలి ప్రశ్న వేరు: పేదవాని మాట వాని సొంతమాట యగునా? పొరుగువాని సాక్ష్యమును అజరయ్య ముందుంచుట గమనార్హము. తాగుడు మానితినని చెప్పినవాడు మానెనా లేదా యనునది కాపునకు తెలియును. కళ్లమున గింజ ముట్టనన్నవాడు ముట్టెనా లేదా యనునది ఆసామికి తెలియును. ఒట్టు లేని మాటకు సాక్షి ఊరే.

అయితే సాక్షియైన ఊరు సంతోషించినదని మాత్రమే వ్రాసినచో చరిత్రకు అన్యాయము చేసినవారమగుదుము. క్లౌ బాప్తిస్మార్థులకు పెట్టిన ముఖ్య నియమములు మూడు: ఆదివారమున పనిచేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. ఈ మూడును ఊరి కట్టుబాటునకు తగిలినవి. జాతరలో డప్పు కొట్టుట, చచ్చిన గొడ్డును మోయుట, పిలిచిన దినమున పనికి వచ్చుట – వీటికి మారుగా మాదిగకు కళ్లమున 'మేర' కొలిచెడివారు. ఇది తరతరముల ఒడంబడిక. క్రైస్తవుడైనవాడు డప్పు కొట్టననినప్పుడు మాట తప్పితివని ఊరు ఆతనిని నిందించెను. ఒక మాటను నిలుపుకొనుటకు మరియొక మాటను కాదనవలసి వచ్చెను. ఊరివారి కోపము కేవలము ద్వేషము కాదు. వారి దృష్టిలో ఒప్పందము భగ్నమయ్యెను. కాని ఆ ఒప్పందమును మాదిగ ఎన్నడు చేసికొనెను? పుట్టుకయే ఆతని నిశాని. తాను చేయని మాటను విడిచి, తాను చేసిన మాటను పట్టుటయే ఇచట సత్యనిష్ఠ యని మా నిర్ణయము.

ఈ నిర్ణయము అందరికిని సాధ్యము కాలేదు. పి. వై. లూక్, జాన్ కార్మన్ అనువారు పొరుగుననున్న మెదకు అధ్యక్ష మండలపు గ్రామములను పరిశీలించి 1968లో ప్రకటించిన గ్రంథమున, పల్లె క్రైస్తవులలో పెక్కుమంది ఊరి పండుగలలో పాలుగొనుటయు, బిడ్డకు జబ్బు చేసినప్పుడు గ్రామదేవతకు మ్రొక్కుకొనుటయు నమోదైనవి. దీనిని కపటమని కొట్టివేయుట సులభము. మ్రొక్కును మాటయే, దేవతకు ఇచ్చిన మాట తీర్పకున్న బిడ్డకు కీడు కలుగునను భయము తల్లిని విడువలేదు. రెండు మాటల మధ్య నలిగిన ఆ తల్లికి తీర్పు చెప్పుటకు మేము వెనుదీయుచున్నాము. శాపమును కావలి పెట్టిన పాత పద్ధతి ఒక్క తరములో తొలగునది కాదని చెప్పుట మాత్రము చరిత్రకారుని ధర్మము.

సంఘములు తాము ఇచ్చిన మాటను నిలుపుకొన్నవా యనునది మరియొక ప్రశ్న. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికను, మెథడిస్టు మున్నగు శాఖలు కలిసి దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడెను. 1978లో కరీంనగరము అందు ప్రత్యేక అధ్యక్ష మండలమయ్యెను. సీరో మలబారు కాథలికుల ఆదిలాబాదు మేత్రాసనము మంచిర్యాల కేంద్రముగా 1999లో స్థాపితమయ్యెను. పాఠశాలలు, వైద్యశాలలు, వసతి గృహములు వెలసినవి. నిశాని వేసినవాని మనుమడు సంతకము చేయగల్గెను. ఇది చిన్న లాభము కాదు. అయినను క్రీస్తునందు కులము లేదని పలికిన సంఘములలో మాల మాదిగ భేదము పెండ్లిసంబంధములయందును, పదవులయందును నిలిచియుండుట తెలుగు క్రైస్తవులే ఒప్పుకొనుచున్న విషయము. ఇది సంఘము ఇచ్చిన మాట, తీర్పవలసినదియు సంఘమే.

తుదకు రాజ్యమునకును క్రైస్తవునకును మధ్యగల మాటను చెప్పవలసి యున్నది. 1950లో రాష్ట్రపతి జారీచేసిన షెడ్యూల్డు కులముల ఉత్తరువు ఆ హోదాను హిందువులకు పరిమితము చేసెను. 1956లో సిక్కులకును 1990లో బౌద్ధులకును అది విస్తరించినను క్రైస్తవులకు విస్తరింపలేదు. తెలుగు రాష్ట్రములలో షెడ్యూల్డు కులములనుండి వచ్చిన క్రైస్తవులు వెనుకబడిన తరగతులలో 'సి' వర్గమున ఒక శాతము రిజర్వేషనుకు మాత్రమే అర్హులు. అంటరానితనము బాప్తిస్మముతో పోలేదు. హోదా మాత్రము పోయెను. అందుచే ఆదివారము దేవాలయమున ఒక పేరు, కచ్చేరి కాగితమున మరియొక మతము అను స్థితి పెక్కు కుటుంబములలో ఏర్పడెను. పుదుచ్చేరికి సంబంధించిన వ్యాజ్యమున 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు, విశ్వాసము లేక కేవలము రిజర్వేషను నిమిత్తము మతము మారితినని చెప్పుట రాజ్యాంగమును వంచించుట యని తీర్పు చెప్పెను. ఈ హోదా విషయమును విచారించుటకు కేంద్ర ప్రభుత్వము 2022లో జస్టిస్ కె. జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను.

ఇచట క్రైస్తవ సత్యనిష్ఠకు కఠిన పరీక్ష కలదు. ఔనన్నది ఔనుగా నుండవలెనన్న ఉపదేశమును మన్నించువాడు కాగితముమీదను క్రైస్తవుడనియే వ్రాయవలెను. వ్రాసినచో బిడ్డ చదువునకు, కొలువునకు నష్టము. ఆ నష్టమును ఓర్చి నిజము వ్రాసినవారు ఈ జిల్లాలలోను కలరు; వారి పేర్లు ఏ గ్రంథమునను ఎక్కవు. వ్రాయలేనివారిని నిందించుటకు ముందు, నిజమునకు ఇంత వెల కట్టిన ఏర్పాటును పరీక్షించుట న్యాయము. అట్లని అబద్ధము నిజము కాదు. ఏర్పాటు అన్యాయమైనచో దానిని బహిరంగముగా ఎదిరించుట మాట నిలుపుకొనుటలో భాగమే. చాటున తప్పించుకొనుట భాగము కాదు. ఇంగ్లండున క్వేకరులు ఒట్టు పెట్టమని బహిరంగముగా పలికి చెరసాలలకు పోయిరి. వారి ధ్రువవాక్కునే ఒట్టునకు మారుగా అంగీకరించు చట్టము 1695లో వచ్చెను. మన దేశమున 1969 నాటి ప్రమాణముల చట్టము అట్టి సౌకర్యమును సాక్షులందరికిని ఇచ్చుచున్నది. కొందరు వెల చెల్లించి నిలిపిన మాట పిమ్మట అందరికిని హక్కయినది.

ఈ పరిశీలనమువలన తేలునది యిది. ఉత్తర తెలంగాణమున క్రైస్తవునిగా మాట నిలుపుకొనుట యనునది కేవలము వ్యక్తిగుణముగా చరిత్రలో కానరాదు. మొదట మనిషికి ఇచ్చుటకు ఒక మాట యుండవలెను. అది కరవుచేతగాని, అప్పుచేతగాని, పుట్టుకచేతగాని పిండినది కారాదు. పిదప ఆ మాటను నష్టమునకు ఓర్చి నిలుపవలెను. దానిని పుచ్చుకొన్నవారు – సంఘమైనను, రాజ్యమైనను – తమ వంతు మాటను నిలుపవలెను. ఒట్టు కావలి కాచిన సీమలో ఒట్టు లేని మాటను నిలిపిన మాలపల్లె, మాదిగపల్లె స్త్రీపురుషులు మన భాషలోని 'బాస' యను పదమునకు దాని పూర్ణార్థమును కల్పించిరని మా అభిప్రాయము.